జడ్డిగం అంచు

మా ముత్తాత ఈ ఊరి మునసబు. తాత నూటపాతిక ఎకరాలు సేద్యం చేయించాడు. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే పెద్దమనుషులు కూడా మా అరుగు కింద చెప్పులు విడిచి పైకి వచ్చేవారు. నాన్న కాలానికి పొలం తగ్గింది, మర్యాద తగ్గలేదు. నా చేతికి కాస్త చేను, ఇల్లు, ఇంట్లోని కలప మిగిలాయి. పత్తి వరసగా పోయిన ఏళ్లలో ఆ కలపనూ బేరం పెట్టాల్సి వచ్చింది.

గుంటూరు నుంచి వచ్చిన పాతకలప వ్యాపారి వారం గడువిచ్చాడు. ఆలోగా ఇంటి గుర్తుగా ఒక్క బొమ్మైనా వేయించుకుందామనుకున్నాను. ముందుగదిలో అద్దెకుండే డ్రాయింగు మాస్టారు నీటిరంగులతో బొమ్మలు వేసేవారు. మా టేకు భోషాణం బొమ్మ వేసిపెట్టమన్నాను. చూసేవాళ్లకు తీసికట్టుగా కనపడకూడదని ముందురోజే దానికి వార్నిష్ పూయించాను.

మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"నిన్నటిదాకా బాగుందండీ అమ్మగారూ. ఇప్పుడు కొట్లో సరుకులా ఉంది."

నాకు ఒళ్లు మండింది. ఇష్టమైతే వెయ్యండి, లేకపోతే మానెయ్యండి అన్నాను. ఆయన గొడ్లచావిడిలోకి వెళ్లి, మూలన పడున్న గొర్రు నుంచి జడ్డిగం ఊడదీసి తెచ్చారు. విత్తేటప్పుడు గింజలు పోసే చెక్కగిన్నె అది. ట్రాక్టర్లు వచ్చాక దాన్నెవరూ ముట్టలేదు. అరుగు మీద ఎండలో పెట్టుకుని ఆ ఆదివారమంతా దాని ముందే కూర్చున్నారు.

సాయంత్రం బొమ్మ చూపించారు. పగుళ్లు, వాటిలో ఇరుక్కుని ఎండిన నల్లమట్టి, పురుగు తొలిచిన బెజ్జాలు, ఏదీ దాచలేదు. అంచు ఒకవైపు మాత్రం లోపలికి అరిగి, లేతబెల్లం రంగులో నున్నగా ఉంది. మెరిసేచోట రంగు వెయ్యకుండా కాగితాన్నే వదిలేశారు.

ఇక్కడెందుకిలా అరిగిందని అడిగాను.

"విత్తనం పోసే ఆడవాళ్ల చెయ్యి ఆనేది కదండీ. మా అమ్మకి సరిగ్గా ఇక్కడే కాయ కాసింది," అని తన మణికట్టు చూపించారు.

మా ఇంట్లో ఎవరి చెయ్యీ అక్కడ ఆనలేదు. అప్పటికి నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. అంత అందమైన వస్తువు మా చావిట్లో ఉందని నాకు తెలియదు. బొమ్మ నాకిమ్మంటే ఇచ్చేవారే. ఒకరిని అడిగి తీసుకోవడం మాకు అలవాటు లేదు. ఆయన రంగు ఆరిందో లేదో వేలితో చూసుకుని, కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్లారు. నేను పిలవలేదు.

శనివారం లారీ వచ్చింది. సింహద్వారం, పందిరిమంచం, భోషాణం, చావిడి దూలాలు, జడ్డిగంతో సహా గొర్రు, అన్నీ ఒకే బేరంలో అమ్మేశాను.