కొంగు చాటు పిలుపు

నాలుగేళ్ల కిందట కోదాడలో బస్సెక్కి సూర్యాపేట వస్తున్నాము. నా మనవరాలు స్వాతికి పుట్టుచెవుడు. ఆపరేషన్ చేసి చెవి వెనక మిషన్ పెట్టి నాలుగు నెలలైనా ఒక్క మాటా రాలేదు. ఇక రాదేమోనని నాకు భయం. నీళ్లు తాగుతావా అని బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాను. పక్కన కూర్చున్నామె నా చెయ్యి పట్టి కిందికి దించింది.

"పెద్దమ్మా, చేత్తోని అడిగితె పిల్ల కండ్లతోనే ఇంటది. ఇగ చెవికేం పని? మా బిడ్డకూ గిదే మిషను. నోటితోని అడుగు."

"మా ఆయన పోయినప్పుడు ఏడ్చేడ్చి నాది కాకిగొంతైంది బిడ్డా."

"కాకినైనా ఇననియ్యి!"

పెదాలు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని పిలవమంది. "స్వాతీ" అన్నాను. కిటికీలో నుంచి బయటికి చూస్తున్న పిల్ల తల తిప్పి నా దిక్కు చూసింది.

ఆమె మునగాలలో దిగిపోయింది. పేరైనా అడగలేదు.

స్వాతిది ఇప్పుడు రెండో తరగతి. మొన్న ఇంట్లో ఆడవాళ్లమంతా ఒక్కసారే మాట్లాడుతుంటే నడుమ వచ్చి నిలబడింది.

"ఒక్కొక్కలు మాట్లాడుండ్రి! అందరి మాటలు కలిసిపోతున్నయ్."

నలుగురు ముసలమ్మలం గప్‌చుప్‌గా కూర్చున్నాం.