ఇంద్రావతిలో పడని గొలుసు

భోపాల్‌పట్నం బస్టాండు పక్కన బండ్లు బాగుచేసే మెకానిక్కు నన్ను అబద్ధాలకోరు అన్నాడు. నేరుగా అనలేదు. "గొలుసు లేని ఫట్‌ఫటీ ఆ కాలంల యాడిది తాతా, కలగన్నవేమో" అన్నాడు.

నేను కలగనలేదు. ఆ మోటారు సైకిలును ఈ చేతులతో మోశాను.

అప్పుడు బస్తర్‌లో రాజుల పాలన. మా మేనమామ ఇంద్రావతి రేవులో పెద్ద పడవవాడు, నేను ఆయన కింద తెడ్డు వేసేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే అవతలి ఒడ్డున, సిరొంచ దారిలో, ఒక దొర మోటారు సైకిలు మీద దిగాడు. రెండు దోనెలు జంటగా కట్టి, పైన వెదురు తడిక పరిచి, నలుగురం బండిని ఎక్కించి ఇవతలికి దాటించాం. బండిని ఇసుకలోనే వదిలి దొర భోజనానికి బంగ్లాకు నడిచి వెళ్లాడు.

మామ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అల్లుడా, దీని గొలుసేది?"

అంతకు ముందటేడు ఒక ఠేకేదారు, అంటే గుత్తేదారు, బండిని దాటించినప్పుడు ఆయన గొలుసును చూశాడు. మోటారు సైకిలుకు గొలుసుంటుందని మా రేవులో తెలిసినవాడు ఆయనొక్కడే. ఆ తెలివే మా కొంప ముంచింది. ఎందుకంటే మా రేవుకు ఒక కట్టు ఉంది: దాటించేటప్పుడు నీళ్లలో జారిన వస్తువును తీసి యజమాని చేతిలో పెట్టేదాకా పడవవాళ్లెవరూ మెతుకు ముట్టకూడదు.

గొలుసు దాటించేటప్పుడే నదిలో జారిందని మామ తేల్చేశాడు. నేను నీళ్లలో దూకే ముందు బండి కింద పడుకుని చూశాను. ఇంజను నుంచి వెనక చక్రం దాకా రోకలంత లావు ఇనుప గొట్టం ఉంది. చక్రం తిప్పితే అందులో ఏదో తిరుగుతున్న చప్పుడు.

"మామా, దీనికి గొలుసుండదు. లోపల కడ్డీ తిప్పుతది."

"ఆకలైతే ఇసొంటి మాటలే వస్తయి. మునుగు" అన్నాడు మామ.

మధ్యాహ్నం దాకా మునిగాం. ఒక చెంబు, పిడి లేని గొడ్డలి, చివరికి ఎవరి ఎద్దుదో ఒక గొలుసు దొరికాయి. మామ ఆ గొలుసును ఇసుకతో తోమి, తిరిగొచ్చిన దొరకు రెండు చేతులతో అందించాడు. దొర దాన్ని సన్మానం అనుకున్నట్టున్నాడు. మెడలో వేసుకుని, నమస్కారం పెట్టి, బండిని తన్ని లేపి వెళ్లిపోయాడు.

"గొలుసు మెడల ఉన్నది మామా, బండి పోతాంది" అన్నాను.

"మన పరువు పోవద్దని పాపం అట్లనే తోలుకపోతాండు."

మామ అన్నానికి కూర్చోలేదు. ఇచ్చింది వేరే గొలుసని ఆయనకు తెలుసు. అత్త సద్దిగిన్నె తెచ్చి ముందు పెట్టింది. "మెడలేసుకొని పోయినోనికి లేని బాధ నీకేందయ్యా. తిను." తిన్నాడు. కానీ చనిపోయేదాకా అసలు గొలుసు నదిలోనే ఉందనేవాడు.

ఆ బండి ట్యాంకు మీద పేరు రాసి ఉంది. నాకప్పుడు అక్షరం రాదు. ఆ కోపంతోనే కొట్టు చీటీలూ మైలురాళ్లూ చూసి మూడు భాషల్లో చదవడం నేర్చుకున్నాను. బండి మళ్లీ ఈ దారిన రాలేదు.

ఇదంతా మెకానిక్కుకు చెప్పాను. శ్రద్ధగా విని, "రేవుల నీళ్లెంత లోతుంటయి తాతా?" అన్నాడు. ఎండాకాలంలో పాత స్పీకరు అయస్కాంతాన్ని తాడుకు కట్టి, ఒక పూటంతా ఇంద్రావతిలో ఈడ్చాడు. రెండు గాలాలు, ఒక సీసా మూత వచ్చాయి.

"చూసినవా, గొలుసు లేదు. నా మాట నిజమైంది" అన్నాను.

"గొలుసే లేదంటే బండి కూడ లేనట్టే గద తాతా" అన్నాడు తాడు చుట్టుకుంటూ.

ఆ పూట నేను మెతుకు ముట్టలేదు.