మునిగినవాళ్లను తిప్పే సారె

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు నేను పత్తికొండ తాలూకాలో ఒక మెట్ట ఊరికి బడిపంతులుగా వెళ్లాను. ఆ ఊళ్లో డాక్టరు మాట దేవుడెరుగు, కాంపౌండరు కూడా లేడు. తేలు కుడితే మంత్రం వేసే ముసలమ్మ ఉండేది. కాలు విరిగితే వెదురు బద్దలు కట్టే మనిషి ఉండేవాడు. నీళ్లలో మునిగితే మాత్రం కుమ్మరి కంబన్నే దిక్కు.

వెటకారానికి అనడం లేదు. బావిలో పడ్డవాళ్లను పైకి తీయగానే కంబన్న ఇంటికి మోసుకుపోయి, కుండలు చేసే సారె మీద బోర్లా వేసేవాళ్లు. కంబన్న కట్టె పెట్టి సారెను గిరగిరా తిప్పేవాడు. తిరుగుతుంటే మింగిన నీళ్లన్నీ కక్కి మనిషి లేచి కూర్చుంటాడని ఊరి నమ్మకం. కంబన్న తాతా తిప్పాడు, తండ్రీ తిప్పాడు. అరవై ఏళ్లు వచ్చేసరికి కంబన్న పదకొండు మందిని తిప్పాడు. అందులో ఇద్దరు బతికారు.

ఆ ఇద్దరిలో ఈరన్న అనే రైతు ఒకడు. చిన్నప్పుడు బావిలో పడితే ఈ సారె మీదే కళ్లు తెరిచాడట. నేను వెళ్లేనాటికి అతనికి ముప్పై దాటాయి, ఏడేళ్ల కూతురు ఉంది. ఏటా కళ్లంలో జొన్నలు రాలగానే మొదటి మూట కంబన్న ఇంటికి చేర్చి, సారెకు పసుపు రాసి మొక్కి పోయేవాడు. చచ్చిన తొమ్మిది మంది జొన్నలు తేలేరు కాబట్టి వాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

అలాంటి రోజుల్లో పత్తికొండలో మూడు రోజులు ప్రథమ చికిత్స నేర్పుతారనీ, ఊరికొక మనిషిని పంపాలనీ కబురొచ్చింది. ప్రాణాలు నిలబెట్టే మనిషి ఊళ్లో ఉండగా ఇంకెవరు పోవాలని పెద్దలు కంబన్న పేరు చెప్పారు. ఆయనకు చదువు రాదు కాబట్టి నన్ను తోడు పంపారు.

తాలూకా కచేరీ పక్కన పందిరి కింద పాఠం. చెప్పేది శానిటరీ ఇన్‌స్పెక్టరు. మంచివాడే కానీ గ్రాంథికం జబ్బు బాగా ముదిరినవాడు. నల్లబల్ల మీద రక్తస్రావం, అస్థిభంగం, దగ్ధవ్రణం, కృత్రిమ శ్వాస అని బారుగా రాసుకుంటూ పోయాడు. ఒక్కో మాటకూ కంబన్న నా మోచేయి గోకేవాడు. నెత్తురు కారడం, ఎముక విరగడం, కాలిన పుండు అని నేను గుసగుసగా చెప్పేవాణ్ణి.

"అట్లే చెప్పచ్చు కదా అయివారూ. ఆ మాట నోరు తిరిగేలోపల నెత్తురంతా కారిపోతాది" అన్నాడు కంబన్న.

మూడో రోజు కృత్రిమ శ్వాస, అంటే మునిగినవాళ్లకు ఊపిరి తెప్పించడం వచ్చింది. అది తన ఇంటి విద్య అనుకుని కంబన్న సర్దుకుని కూర్చున్నాడు. సారె సంగతి నన్నే చెప్పమన్నాడు, చెప్పాను. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. తిప్పితే కడుపులో నీళ్లు రావచ్చు గానీ ఊపిరి రాదన్నాడు. మనిషిని పైకి తీసిన చోటే, ఆ గట్టు మీదే పని మొదలుపెట్టాలన్నాడు. నోట్లో బురద వేలితో తీసి, బోర్లా పడుకోబెట్టి, తల పక్కకు తిప్పి, వీపు మీద రెండు అరచేతులూ ఆనించి నొక్కి వదలాలి. తర్వాత మోచేతులు పట్టి పైకెత్తాలి. ఇలా నిమిషానికి పన్నెండు సార్లు. ఆ కాలంలో నేర్పిన పద్ధతి అది. అందరిలోకీ కంబన్నే బాగా చేశాడు. జీవితమంతా మట్టి నొక్కిన చేతులు, ఎంత బరువు వేయాలో ఆయనకు ఒకరు చెప్పే పని లేకపోయింది.

చివర్లో లేచి ఒక్కటే అడిగాడు. "ఊపిరి నిల్సినాక ఎంతసేపు టైం ఉంటాది సామీ?"

"నాలుగు నిమిషాలు. మహా అయితే ఐదు."

ఊరికి తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున్నే వచ్చి గడియారం తెమ్మన్నాడు. తాగునీటి దిగుడుబావి ఊరికి తూర్పున పొలాల మధ్య ఉంది. కుండలు కాల్చే ఆవం పొగ ఊరి మీదికి రాకూడదని కంబన్న ఇల్లు పడమటి కొసకు విసిరేసినట్టు ఉంటుంది. బావి దగ్గర ఒక పిల్ల బరువుండే మట్టి మూట భుజానికెత్తుకుని పరుగు లాంటి నడకతో బయల్దేరాడు. గడియారం చూసుకుంటూ వెనకాల నేను. ఇంటి ముందు మూట దించి, "ఎంతాయె?" అన్నాడు.

"ఎనిమిది నిమిషాలు."

అరుగు మీద కూలబడ్డాడు. "నేను తిప్పింది పీనుగల్ని, అయివారూ."

"ఇద్దరు బతికినారు కదప్పా."

"వాళ్లకు ఊపిరి పోయిండదు. ఉత్తగా పండబెట్టినా లేసిందురు. మిగిలినోళ్లు నాకాడికి వచ్చే దోవలోనే పాయిరి. ఈ సారె లేకపోయింటే గట్టు మీదనే ఎవురో ఒకరు ఏదో ఒకటి చేసిందురు."

నీకు తెలియదు కదా అన్నాను. "ఇప్పుడు తెల్సె కదా" అన్నాడు. ఆ ముఖం చూసి, ఈ మనిషిని పత్తికొండ తీసుకుపోకుండా ఉంటే బాగుండేదని నాకు నిజంగా అనిపించింది.

ఆ రోజు నుంచి ఆయనకు ఒక్కటే పట్టుదల. ఇకమీద మునిగినవాళ్లను తన ఇంటికి తేకూడదు. బావి పక్కనే ఇల్లు వేసుకుంటానని పెద్దలను అడిగాడు. తాగే నీళ్లలో ఆవం బూడిద పడుతుందని వాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు: ఎవరు మునిగినా గట్టు మీదే పడుకోబెట్టి కేక వేయండి, నేనే పరిగెత్తుకొస్తా. అందరూ తలలూపారు. ఈరన్న కూడా ఊపాడు.

శ్రావణంలో వానలు పడి బావి సగం నిండింది. ఒక మధ్యాహ్నం ఈరన్న కూతురు హనుమమ్మ పాచిపట్టిన మెట్టు మీద జారి నీళ్లలో పడింది. బావి దగ్గరున్న ఆడవాళ్ల కేకలు చేనులోంచి చేనులోకి పాకి పడమటి కొసకు చేరాయి. కంబన్న సారె మీద సగం లేచిన కుండను అలాగే వదిలేసి, దగ్గరవుతుందని దొడ్ల వెనక సందులో పడి బావికి పరిగెత్తాడు.

అదే సమయానికి ఈరన్న చేనులోంచి వచ్చి బావిలో దూకి కూతుర్ని పైకి తీశాడు. "కంబన్న వస్తాడంట, ఈడనే ఉంచప్పా" అని ఆడవాళ్లు అన్నారట. అతని చెవికెక్కలేదు. తనను బతికించిన సారె తప్ప అతనికి ఇంకేమీ కనపడలేదు. పిల్లను భుజాన వేసుకుని పెద్దవీధి గుండా పరిగెత్తాడు.

బడి పెద్దవీధిలోనే. గుమ్మంలోంచి నేను చూశాను. నాకు తెలుసు, ఆపి వీధిలోనే పడుకోబెట్టించాలని. పాఠం విన్నవాణ్ణి, పత్తికొండలో ఇచ్చిన పుస్తకం కూడా పెట్టెలో ఉంది. ఆపలేదు. అందరితో పాటు అతని వెనక పరిగెత్తాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కంబన్న భార్య గిడ్డమ్మ ఒక్కతే వాకిట్లో ఉంది. "యాడికి పాయె?" అని ఈరన్న అడిగితే "బావికాడికే నాయనా" అంది. ఈరన్న పచ్చికుండను చేత్తో తోసేసి కూతుర్ని సారె మీద వేసి తానే తిప్పసాగాడు. బావి దగ్గర తడిసిన మెట్లు మాత్రమే చూసిన కంబన్న వెనక్కి పరిగెత్తి వచ్చేసరికి పిల్ల ఇంకా తిరుగుతూనే ఉంది. సారెను కాలితో ఆపి, పిల్లను నేల మీద పడుకోబెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. నేను గడియారం పట్టుకుని పన్నెండు లెక్కపెడుతూ కూర్చున్నాను. గంట సేపు నొక్కాడు. పిల్ల వీపంతా ఆయన చేతుల బంకమట్టి అంటుకుంది. ఊపిరి రాలేదు.

ఈరన్న కేకలు వేయలేదు. కూతుర్ని ఒళ్లోకి తీసుకుని, "నువ్వు ఇంటికాడ ఉండింటే నా బిడ్డ బతికిండేది కదప్పా" అన్నాడు.

దానికి కంబన్న దగ్గర జవాబుంది, నా దగ్గరా ఉంది. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్నవాడితో, నీ పరుగే దాన్ని చంపిందని ఏ నోటితో చెప్తాం?

పిల్ల దినాలు అయిన మర్నాడు కంబన్న గడ్డపార తీసుకుని సారెను ముక్కలు చేశాడు. సారె లేకుంటే మునిగినవాళ్లను ఇక్కడికి తేరు, గట్టు మీదే ఉంచుతారు అన్నాడు. నేను కూడా మంచిపని చేశావని మెచ్చుకున్నాను. గిడ్డమ్మ కూలికి పోయి ఇద్దరి కడుపులూ నింపేది. కంబన్న మాత్రం రోజూ బావి దగ్గర కూర్చుని, నీళ్లకు వచ్చినవాళ్లకు ఎట్లా నొక్కాలో చూపించబోయేవాడు. వాళ్లు బిందె ఎత్తుకుని తప్పుకునేవాళ్లు.

మరుసటి వానాకాలం ఒక సాయంత్రం, కంబన్న బావి దగ్గర్నుంచి ఇంటికి పోయాక, అయ్యన్న అనే గొర్రెలకాపరి అదే బావిలో మునిగాడు. తీసినవాళ్లు కంబన్నకు కబురు పెట్టలేదు. రెండు మైళ్ల అవతల పక్కూరి కుమ్మరి దగ్గర సారె ఉందని బండి కట్టారు. సంగతి తెలిసి కంబన్న బండి వెనక పడ్డాడు. ఊరి పొలిమేరలో అందుకుని, ఎక్కి, అయ్యన్న వీపు మీద చేతులు వేశాడు. బండిలోవాళ్లు ఆ చేతులు లాగేశారు.

"ఉన్న సారె పగలగొట్టి, ఇప్పుడు ఈడికొచ్చి మీద పడ్తాండావా" అని కిందికి తోసేశారు.

నేను వెళ్లేసరికి రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. రెండు మోకాళ్లూ చెక్కుకుపోయాయి. నీళ్లతో కడిగి నా పైపంచె చింపి కట్టాను. పత్తికొండలో నేర్చుకున్నదాంట్లో నా చేతికి పనికొచ్చింది అదొక్కటే. అయ్యన్న పక్కూరు చేరకముందే చల్లబడిపోయాడని పొద్దున తెలిసింది.

ఆ దసరాకు కంబన్న వడ్రంగి దగ్గర కొత్త సారె చేయించాడు. నాకు ఒళ్లు మండింది. అన్నీ తెలిసినవాడివి, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా అని నిలదీశాను.

"తెల్సు అయివారూ. నేనేం జెప్పినా వాళ్లు గట్టు మీద ఉంచరు, ఏదో ఒక సారె కాడికి తీసుకపోతారు. ఆ పక్కూరు శానా దూరం. నాది ఊళ్లోనే కదా."

కొత్త సారెకు ఊరంతా వచ్చి పసుపు కుంకాలు పెట్టారు. మొదటి కొబ్బరికాయ కొట్టింది ఈరన్న.