ఎత్తేసిన కంచం

మా ఆడపడుచు ఉండగా భోజనం మధ్యలో ఫోన్ వచ్చిందని లేచారో, ఆ కంచానికి నీళ్ళొదులుకోవాల్సిందే. తిరిగొచ్చేసరికి అది కడిగి బోర్లించి ఉంటుంది. "తినడం లేదుగా అన్నయ్యా, అయిపోయిందనుకున్నా" అంటుంది మా ఆయనతో. ఆమె చేతి దురద వల్ల మా ఇంట్లో అర్ధాకలితో లేవని మనిషి లేడు.

ఉద్యోగంలోనూ అదే చెయ్యి. ఒక ఆసుపత్రిలో రోగులను వరుసగా పిలిచే ప్రోగ్రాం తనే రాసింది. ఒక్కో రోగికీ ఒక్కో కోరొటీన్. అంటే మధ్యలో ఆగి, కావలసింది అందాక ఆగినచోటి నుంచే సాగే ప్రోగ్రాం ముక్క. స్కానింగుకు వెళ్ళిన రోగిది ఆగి ఉంటుంది. రిపోర్టు రాగానే కదిలి, మళ్ళీ డాక్టరు దగ్గరికి పిలుస్తుంది. దేన్నైనా తీసేసేముందు అది ఆగి ఉందా, ముగిసిందా అని స్థితి చూడాలి. ఈవిడ "నడుస్తోందా?" అని మాత్రమే చూసింది. నడవనివన్నీ అయిపోయినవే అనుకుని, మధ్యాహ్నం కాగానే ఊడ్చేసేలా రాసింది.

ఓ సాయంత్రం నర్సు ఫోన్ చేసింది. "ఒక పెద్దాయన పొద్దున్నుంచీ కూర్చున్నారండీ. బోర్డు మీద పేరు రావట్లేదు."

"ఆయన పని అయిపోయినట్టే ఉంది. పిలిచినప్పుడు వినిపించుకోలేదేమో!" అని కసిరింది మా ఆడపడుచు. పెట్టేశాక ఎందుకో అనుమానమొచ్చి కోడు తెరిచింది. రిపోర్టు కోసం ఆగి ఉన్న ఆయన వంతు కూడా మధ్యాహ్నం ఊడ్చుకుపోయిందని చూసి, ఉన్నపళంగా ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు అప్పుడే కారెక్కుతున్నారట. అడ్డంపడి, "తప్పు నాదండీ, ఆయన్ని చూసి వెళ్ళండి" అని బతిమాలింది. విసుక్కుంటూనే వెనక్కి తిరిగారు. పెద్దాయన స్కాన్ కవరు ఒళ్ళో పెట్టుకుని బోర్డుకేసే చూస్తున్నారట. పిలుపు తప్పిపోతుందేమోనని మంచినీళ్ళకు కూడా లేవలేదట. లోపలికి వెళుతూ ఈమె చెయ్యి పట్టుకుని, "చల్లగా ఉండు తల్లీ, నువ్వొచ్చాకే నా వంతొచ్చింది" అన్నారట.

"డాక్టరుకు చెప్పగలిగాను గానీ, ఆయనకు చెప్పలేకపోయాను వదినా. సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది" అని వంటింట్లో తలవంచుకుని ఏడ్చింది. ఆమె తల వంచగా నేను చూడటం అదే మొదలు. ఎగతాళి నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

భోజనాల దగ్గర మా ఆయనకు ఫోన్ వచ్చింది. లేచి వెళ్ళారు. అలవాటుగా ఆమె చెయ్యి కంచం మీదికి పోయింది. చప్పున వెనక్కి తీసుకుని, దాని మీద మూతపెట్టి పక్కనే కూర్చుంది.

ఆయన తిరిగొచ్చి, "ఏమ్మా, ఇవాళ నా కంచం బతికిపోయిందే!" అని నవ్వారు.

ఆమె తలెత్తలేదు. "ఇంకా తింటావా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది.