మీసం పుస్తకం, చెవి పుస్తకం

ఆ ఊళ్లో దేవేందర్ ముఖం లేని ఇల్లు లేదు. అభిమానం కొద్దీ కాదు, వాన కొద్దీ.

అలియాబాద్ నుంచి లోపలికి మళ్లే రోడ్డు మీద ఉంటుంది ఆ ఊరు. దేవేందర్‌ది తాతల కాలంలో భూములున్న ఇల్లు, ఇప్పుడు ప్లాట్లు అమ్మే ఇల్లు. ఆయన పుట్టినరోజైనా, కొత్త వెంచరైనా, ఎవరో పెద్ద నాయకుడు హైవే మీద కారులో అలా పోతున్నా సరే, నిలువెత్తు ఫ్లెక్సీలు లేస్తాయి. రెండు రోజులు చేతులు జోడించి నవ్వుతాడు. మూడో రోజు మేకల కొట్టం మీదికెక్కి నవ్వుతాడు. ఆ తర్వాత స్నానాల గదికి తలుపై, వడ్ల కుప్ప మీద కప్పై, ఎండకు వెలిసిపోతూ కూడా నవ్వుతూనే ఉంటాడు. ఇందులో తప్పుందని ఊళ్లో ఎవరికీ తోచలేదు. ఫ్లెక్సీ అంటే వానకు తడవని బట్ట. అంతే.

వాటిని కట్టేదీ విప్పేదీ బాలరాజు. మేడ్చల్‌లో ఒక ప్రింటింగ్ దుకాణం వాళ్లు పిలిచినప్పుడల్లా నిచ్చెన వేసుకుని పోతాడు. విప్పినవి ఎవరికీ అక్కర్లేదు కాబట్టి చుట్ట చుట్టి ఇంటికి తెస్తాడు. అడిగిన వాళ్లకు పంచేది అతని భార్య రోజారాణి.

రోజారాణి తండ్రి సోమయ్య శామీర్‌పేట చెరువులో వల వేసి బతికినవాడు. బిడ్డను ఇంటర్ దాకా చదివించాడు. ఆ చదువు ఆమెను మందుల కంపెనీలో సీసాలకు కాగితాలంటించే పని దాకా తీసుకుపోయి, అక్కడ వదిలేసింది. కరోనా వచ్చినప్పుడు కంపెనీ ముందుగా ఆడవాళ్లను తీసేసింది. బడులు మూతపడ్డాయి. ఫోన్లో పాఠాలు చెప్పామన్నారు పైవాళ్లు. ఆ ఫోను నాయిన జేబులో కూలికి పోయింది. బడి మళ్లీ తెరిచేసరికి రోజారాణి కూతురు అశ్రిత పై తరగతికి పోయింది గానీ అక్షరాలు పాత తరగతిలోనే ఉండిపోయాయి. అశ్రిత ఒక్కతే కాదు, కూలోళ్ల పిల్లలందరిదీ అదే గతి.

బడిలో ఒక ఇనుప బీరువా నిండా కథల పుస్తకాలున్నాయి. ఎవరో దాతలిచ్చినవి. తాళం హెడ్మాస్టర్ ఫణిభూషణ్ దగ్గర. ఒక్క పుస్తకం తగ్గినా పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది తానే అని ఆయన భయం.

"పిల్లల చేతికిస్తే చిరిగిపోతాయమ్మా," అన్నాడాయన, పుస్తకాలు అడగడానికి వచ్చిన రోజారాణితో.

"చినగనియ్యుండ్రి సార్. కట్టుకుంటే చీర గూడ చినుగుతది. చినుగుతదని పెట్టెల వెట్టి బరిబత్తల తిరుగుతమా?"

ఫణిభూషణ్ ముఖం పక్కకు తిప్పుకుని తాళంచెవి ఇచ్చాడు. జీతం సంగతి ఆమె అడగలేదు, ఇస్తామని ఎవరూ అనలేదు. పొద్దున నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపడం, మధ్యాహ్నం గోళ్లలో మట్టి కడుక్కుని బడికి రావడం. మూల గదిలో చాప పరిచి, పెద్ద పిల్ల పక్కన చిన్న పిల్లను కూర్చోబెట్టేది. పెద్దది చదువుతుంటే చిన్నది వేలు పెట్టి వెంబడించాలి. ఇంటికి తీసుకుపోయిన పుస్తకం చదువు రాని వాళ్లకు చదివి వినిపించాలి. అమ్మకో, అవ్వకో. "మా అవ్వ నడుమల నిద్రపోయింది టీచర్," అంటే, "అయితే మళ్ల మొదటికెంచి చదువు," అనేది.

శనివారం శనివారం ఒకరిని పిలిచేది. హెడ్మాస్టర్ దాన్ని గెస్ట్ స్పీకర్ కార్యక్రమం అని బోర్డు మీద రాసేవాడు. పిల్లలు మాత్రం "ఇయ్యాల చుట్టం ఎవలొస్తున్నరు?" అని అడిగేవాళ్లు. మేడ్చల్ డిపోలో కండక్టరు శైలజ వచ్చి, చిల్లర లేదన్నవాళ్లతో తాను పడే కొట్లాట నటించి చూపించింది. వల అల్లే నర్సయ్య ముడి వేయడం చూపిస్తూ అరగంట ఒక్క మాటా మాట్లాడలేదు, అయినా పిల్లలు కదల్లేదు. ఊళ్లో మనుషులకు కూడా చెప్పేందుకు కథలున్నాయని, అవి వినేందుకు బడి ఉందని అప్పుడు తెలిసింది.

మొదటి వానాకాలం పుస్తకాలు సంచుల్లో నాని ఉబ్బిపోయాయి. ఖాకీ కాగితం అట్టలు వారం ఆగలేదు. రోజారాణి ఇంట్లో ఉన్న చుట్టలు విప్పి, కత్తెర తీసుకుని, పుస్తకం కొలతకు కోసి అట్టలు వేసింది. తెల్ల వైపు పైకి పెడితే కూర చేతులకు మాసిపోతుందని బొమ్మ వైపే పైకి పెట్టింది. మీసం ఎక్కడ పడింది, చెవి ఎక్కడ పడింది, ఆమె చూడలేదు. పిల్లలు చూశారు. పేర్లు చదవడం ఇంకా రాని చిన్నవాళ్లకు అవే గుర్తులయ్యాయి. "నాకు మీసం పుస్తకం", "నాకు ఉంగరాల చెయ్యి", "నాకు చెవి." కొన్నాళ్లకు రోజారాణి కూడా అలాగే పిలవసాగింది. అది దేవేందర్ చెవి అన్న సంగతి ఊరు మర్చిపోయినట్టే ఆమె కూడా మర్చిపోయింది.

తర్వాత గది స్లాబు కారడం మొదలైంది. బీరువా కింద ఇటుకలు పెట్టారు, పైన గిన్నెలు పెట్టారు. మరమ్మతు కోసం పెట్టిన దరఖాస్తులు పెట్టినట్టే పోయాయి. సర్కారు బడి కారుతోందంటే ఎవరికి పట్టింది? పట్టించుకోవాల్సిన వాళ్ల పిల్లలు బౌరంపేట్ వైపు ఏసీ బస్సుల్లో పోతున్నారు.

"దేవేందర్ గారిని ఒక శనివారం అతిథిగా పిలుద్దాం," అన్నాడు ఫణిభూషణ్. "పిల్లలు చదివేది చూస్తే ఆయన మనసు కరగొచ్చు."

కప్పు కావాలి. రోజారాణి సరేనంది. రెండు రోజులు గది కడిగింది, ముగ్గేసింది, పిల్లల తలలకు నూనె పెట్టించింది. అట్టల సంగతి ఆమెకు గానీ హెడ్మాస్టరుకు గానీ తట్టలేదు.

శనివారం దేవేందర్ వచ్చాడు. వెంట పదిమంది, ముందు ఫోను ఎత్తి పట్టుకుని ఆయన అనుచరుడు భానుప్రకాశ్. శాలువా కప్పారు. దేవేందర్ మాట్లాడాడు.

"నేను గూడ గీ బడి పిలగాన్నే. కష్టపడి చదివిన కాబట్టి గింత దూరం వచ్చిన. మీరు గూడ మంచిగ చదువుండ్రి."

రెండో తరగతిలోనే ఆయన బొల్లారం వైపు ఇంగ్లీషు బడి బస్సెక్కిన సంగతి రోజారాణికి గుర్తుంది. ఆ బస్సు వెనక పరుగెత్తిన పిల్లల్లో తనూ ఒకతె. కానీ కప్పు కావాలి కాబట్టి చప్పట్లు కొట్టింది.

దేవేందర్ ముందు వరసలో కూర్చున్న పిల్లను దగ్గరికి పిలిచాడు. రిషిత, రెండో తరగతి, విత్తనాల గోదాంలో పనిచేసే సుశీల కూతురు.

"ఏం పుస్తకం చదువుతున్నవు బిడ్డా?"

"మీ చెవి పుస్తకం సార్."

"నా చెవా?"

రిషిత పుస్తకం ఎత్తి చూపించింది. పెద్ద చెవి, చెవి మీద నెరవని క్రాపు. ఒక్కరు మొదలుపెడితే పిల్లలు ఆగుతారా?

"నాది మీసం సార్!"

"నాది ఉంగరాల చెయ్యి!"

"మీ ముక్కు పుస్తకం కుమార్ గాడు ఇంటికి తీస్కపోయిండు సార్, ఇంక తేలే!"

గది గొల్లుమంది. వెంట వచ్చిన వాళ్లలోనూ ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. దేవేందర్ కూడా నవ్వాడు, నవ్వక తప్పదు గనుక. రోజారాణి మనస్ఫూర్తిగా నవ్వింది. పిల్లలు ఇంత గట్టిగా ఒక పెద్దమనిషి ముందు మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. పెద్దింటి వాళ్లు పదిమందిలో నవ్విన నవ్వుకు తర్వాత బదులు తీసుకుంటారని ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

సాయంత్రానికి భానుప్రకాశ్ తీసిన వీడియో ఊరి గ్రూపులో తిరిగింది. "ప్రజానాయకుణ్ణి ముక్కలు చేసిన బడి" అని పైన రాశారు. పిల్లల చదువు అందులో లేదు, నవ్వు మాత్రం ఉంది. సోమవారం హెడ్మాస్టరుకు ఫోన్లు వచ్చాయి. ఆయన బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, రోజారాణి కళ్లలోకి చూడకుండా అన్నాడు.

"అట్టలు వేసింది నువ్వే కదమ్మా. ఒకసారి వెళ్లి రెండు మాటలు చెప్పి రా. లైబ్రరీ నిలబడుతుంది."

మేడ్చల్ హైవే మీద దేవేందర్ ఆఫీసు. ఏసీ చల్లదనంలో రోజారాణి చెప్పులు బయట విడిచి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"రోజా, నువ్వు నన్ను కోసినవంటే నేను నమ్మలే," అన్నాడు దేవేందర్, శాంతంగా. "కని మా పోరగాండ్లు ఊకుంటలేరు."

"అన్నా, మా మేకల కొట్టం మీద గూడ నువ్వే ఉన్నవు. పైన కాకులు రెట్టలేస్తయి. దానికి లేని లొల్లి పుస్తకానికెందుకు?"

"ఏం మాట్లాడుతున్నవు వదినా, సోయున్నదా?" అని లేచాడు భానుప్రకాశ్.

దేవేందర్ చెయ్యెత్తి అతన్ని ఆపాడు. కొట్టం మీద ముఖం ఎవరి కంటా పడదు. పడ్డా అది బీదవాళ్ల అవసరం, ఆయన దయ. పిల్ల చేతిలో పుస్తకం మీద పడితే అది నవ్వులాట. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు. రోజారాణికి అక్కడ నిలబడ్డాక తెలిసింది.

"తప్పయింది," అంది. "అట్టలన్నీ నేనే తీసేస్త. పుస్తకాలు మాత్రం పిల్లలకియ్యమని సార్‌కు చెప్పన్నా."

"అట్టలెందుకు, కొత్త గదే కట్టిస్త. మా బాపు పేరు మీద. అద్దాల బీరువాలు, పెద్ద టీవీ. ఎవలూ ముట్టకుండ మంచిగుంటయి పుస్తకాలు."

"ముట్టకుంటే చదువుడెట్లన్నా?"

"సూస్తరు గదా," అన్నాడు దేవేందర్. "ఇగ నువ్వు పరేషాన్ గాకు. నీ నర్సరీ పని నువ్వు జేస్కో."

బయటికొస్తే బాలరాజు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ప్రింటింగ్ దుకాణం వాళ్లు ఇక రావద్దన్న సంగతి అతను అప్పటికి రెండు రోజులుగా దాచాడు. బస్సులో చెప్పాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పిల్లల దగ్గర ఇంకా పుస్తకాలున్నాయి, ఇళ్లకు తీసుకుపోయినవి. వాటితోనే తన వాకిట్లో చదివిద్దామనుకుంది. మొదటి సాయంత్రం పిల్లలు వాకిలి నిండా వచ్చారు. మర్నాడు ముగ్గురే. మూడోనాడు అశ్రిత ఒక్కతే చాప మీద కూర్చుని, "ఎవ్వలు రారే అమ్మా?" అని అడిగింది. చెవులు కోసిన పుస్తకం ఇంట్లో దొరికితే కేసవుతుందని ఎవరో పుకారు పుట్టించారు. ఎవరు పుట్టించారో అందరికీ తెలుసు, అయినా అందరూ నమ్మారు. ఒకరి ఇంటి కాగితం దేవేందర్ దగ్గర ఆగి ఉంది, ఒకరి కొడుకు ఆయన వెంచరులో కాపలా. భయానికి కారణాలున్నాయి. ఆ కారణాలే ఈ ఊళ్లను ఏలుతున్నాయి.

పుస్తకాలు తిరిగి రాసాగాయి. కొందరు గడపలో పెట్టి పిలవకుండా పోయారు. కొందరు పొయ్యిలో పెట్టారని తర్వాత తెలిసింది. కుమార్ తండ్రి ముక్కు పుస్తకం తెచ్చి, "మాకెందుకమ్మా గీ లొల్లి, సదువు రాకుంటే సస్తమా?" అన్నాడు. నర్సయ్య వచ్చిన శనివారం వల ముడి చూసినంతసేపూ కొడుకు పక్కన నోరు తెరుచుకుని కూర్చున్న మనిషే అతను.

మునిమాపు వేళ సుశీల వచ్చింది, గోదాం నుంచి నేరుగా. విత్తనాల మందు ఘాటు ఆమె చీరకు ఇంకా అంటుకుని ఉంది. చెవి పుస్తకం కొంగులో చుట్టి తెచ్చింది. చేతికిచ్చి పోకుండా నిలబడింది.

"రోజక్కా, పిల్ల ఏడుస్తుంది. కత అయిపోలేదట. దినాం ఇంత చదివి చెప్పేది నాకు. గా ఎండ్రికాయ బొరియ ఎవడో పూడగొట్టిండు గదా, అది కట్ట పొంటి పోయింది గదా... ఆడికే ఆగినం. ఆఖరుకేమైతదో జర చెప్పు. పోయి పిల్లకు చెప్త."

"దాన్నే పంపియ్యరాదు?"

"వద్దక్కా. ఎవలన్న చూస్తరు."

రోజారాణి పుస్తకం తెరిచి, గుమ్మం దగ్గరి వెలుతురులో చివరి పేజీ చదివింది. ఎండ్రికాయ కట్టంతా తిరిగింది. ఏ బొరియ దగ్గరికి పోయినా లోపల ఎవరో ఉన్నారు. చీకటి పడింది. ఒక రాయి కింద కాళ్లు ముడుచుకుని, రేపు చూద్దాం అనుకుంది. అంతే.

సుశీల పెదవులు కదుపుతూ విన్నది, మర్చిపోకుండా ఉండాలని.

"గంతేనా? దానికి ఇల్లు దొరికినట్టా, దొరకనట్టా?"

"దొరకలే."

సుశీల చెయ్యి చాపి పుస్తకం మూసేసింది.

"దొరికిందని చెప్త లే అక్కా," అంది. "పిల్ల పండుకోవాలె గదా."

రాసింది రాసినట్టే చదవాలని, ఇంత కూడా మార్చి చెప్పకూడదని పిల్లలతో రోజూ అనే రోజారాణి సరేనన్నట్టు తలూపింది. సుశీల కొంగు దులుపుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, గోడ నీడన నడిచి పోయింది.