కుంకుమ పెట్టిన బల్లకు తరుగుదల

నా చిన్నప్పుడు బళ్లారిలో మా ఇంటి ముందుగదే నాయన ఆఫీసు. సండూరు గనులకు లారీలు కుదిర్చే పని ఆయనది. ఒక బల్ల, రెండు కుర్చీలు, బీరువా, టైపు మిషను, వాకిట్లో కొత్త స్కూటరు, అంతే సరంజామా. ఆ ఏడాది ఆదాయం కాస్త పెరిగింది గానీ, పైకమంతా మిద్దె మరమ్మతుకే అయిపోయింది. కట్టాల్సిన పన్ను చూసి నాయన కుదేలయ్యాడు. ఆఫీసు మూసేసి దూరాన దోణిమలై గనిలో గుమాస్తాగా చేరతానని అమ్మతో అన్నాడు. ఇక ఆదివారాలే ఇంటికొస్తాడని అర్థమై నాకు అన్నం సహించలేదు.

పక్కింటి అక్క బీకాం చదివి ఆడిటరు దగ్గర పని నేర్చుకుంటోంది. మా లెక్కలు తిరగేసి తల పట్టుకుంది. పనికి వాడే వస్తువులు అరుగుతాయి గనక ఏటా కొంత విలువ తరుగుదల కింద తగ్గించి రాసుకోవచ్చట, అంతమేరకు పన్నూ తగ్గుతుందట. నాయన మాత్రం ఒక్క రూపాయీ తగ్గించలేదు. తెలియక కాదు, మా అవ్వకు భయపడి. ఏటా ఆయుధపూజకు అవ్వ తన చేత్తో కుంకుమ పెట్టే వస్తువులవి.

"లచ్చిమి కూచునే బల్లకు విలువ పోయిందని రాస్తారా? చేతులెట్లా వస్తాయప్పా మీకు?" అంది అవ్వ. ఆమె మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు.

అక్క వాదనకు దిగలేదు. బెల్లం అచ్చు తెప్పించి, పదోవంతు కోసి నాకు పెట్టమంది. మిగిలినదాంట్లో మళ్లీ పదోవంతు కోయమంది. అవ్వ కోస్తూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను. ముక్కలు చిన్నవవుతూ వచ్చాయి.

"అయిపాయనా అవ్వా?" అని అడిగింది అక్క.

"యాడ అయిపోయింది? ఇంకా ఉండాది గదా."

"మా లెక్కా అంతే. మిగిలినదాంట్లోనే కోస్తాము. ఎన్నేండ్లు కోసినా సున్నా కాదు. నీ లచ్చిమి యాడికీ పోదు."

అవ్వ ఆ బెల్లం వంక కాసేపు చూసి, "అట్లయితే రాయండి" అంది.

కుంకుమ బొట్లున్నవన్నీ రాసుకు రమ్మని అక్క నన్ను పంపింది. ఉత్సాహం కొద్దీ వంటింటి రోలు కూడా రాసుకొచ్చాను. అది ఆఫీసు పనికి వాడేది కాదని నవ్వి, జాబితాలోంచి కొట్టేసింది. అదే స్కూటరు మీద నాయన నన్ను బడికి దింపుతాడు గనక దాని తరుగుదల పూర్తిగా రాయకూడదంది. ఉన్నదే రాసినా, పన్ను నాయన కట్టగలిగే మొత్తానికి దిగింది. ఆయన లోపలికి కేకేసి కాఫీ అడిగాడు. ఎన్నాళ్లకో! దోణిమలైకి పోనని చెప్పగానే ఆయన్ను పట్టుకుని ఏడ్చేశాను. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు నాకు చూపు తగ్గింది, మోకాళ్లు అరిగాయి. అడిగినవాళ్లకు దాచకుండా చెబుతాను. ఆ తర్వాత మిగిలిందెంతో చూసుకుంటాను. పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేయగానే అవ్వ మాట నోటికొస్తుంది: ఇంకా ఉండాది గదా.