గోడను చూసి పరిచిన పాలరాయి

ఇయ్యాల బహ్లా ఊరి సైట్‌ల పొద్దటి సంది పరిచిన పాలరాయి అంత నా చేతులతోనే పీకిన.

మా అర్బాబ్, అంటే మా అరబ్బు సేటు, తన ఇంటి కాంపౌండ్ల ఉన్న పాత గదిని ఇంటోళ్ల కోసం చిన్న మసీదు చేయిస్తున్నడు. నేను ఎప్పటిలెక్కనే గోడకు సమానంగ దారం కట్టి నాలుగు వరుసలు పరిచిన. మా ఫోర్‌మన్ రహీం చాచా, పాత ఢిల్లీ మనిషి, చూసి నెత్తి పట్టుకున్నడు.

"రాళ్ల గీత చూసే నమాజుకు నిలవడ్తరు. గోడకు మొక్కమంటవా?"

"గది మక్కా దిక్కు లేకపోతే నేనేం చేయాలె చాచా?"

"ఢిల్లీ ఎర్రకోటల బాద్షా సొంతానికి కట్టించుకున్న పాలరాతి మసీదు ఉంది. బయటి గోడలు కోటతోని సమానం, లోపలి గోడలు మక్కా దిక్కు. ఆ మేస్త్రీ వంకరంత గోడ మందంల దాచిండు. నువ్వు దారం తిప్పలేవా?"

సిమెంటు గట్టిపడకముందే రాళ్లు పీకి, దారం తిప్పి మళ్ల పరిచిన.

కోపం మాత్రం రూమ్ దాకా నాతోనే వచ్చింది. ఒరిగి గోడ దిక్కు చూసిన. టేప్‌రికార్డర్ పైన, దొరికిన మేకుకు తగిలించిన పటంల మా కొండగట్టు అంజన్న, రెండేండ్ల సంది బాత్రూం తలుపునే చూస్తున్నడు.

లేచి, వేరే గోడకు కొట్టనీకి మేకు పీకిన. నాలెక్క దేశం కాని దేశంల ఉన్నోళ్లు, మీ రూమ్‌లల్ల దేవుడు ఎటు చూస్తున్నడో జెర చూసి చెప్పుండ్రి.